మధ్యలో ఆపేసిన వైరు బుట్ట

పోయిన సంక్రాంతికి పాలకొల్లు వెళ్ళినప్పుడు అటక దులిపే పని నా నెత్తిన పడింది. పండగ ముందు బూజు దులపడం మా ఇంట్లో మగపిల్లల వంతు, చెయ్యి అందుతుందని. ఇత్తడి గుండిగలు, కాలు ఊడిన పీట, నా ఇంటర్ నోట్సులు, వాటన్నిటి వెనకాల పాత దిండు గలీబులో ఏదో మూట. విప్పితే వైరు బుట్ట. బుట్ట అనకూడదేమో, సగం బుట్ట. అడుగు పూర్తయింది. చుట్టూ గోడ జానెడు లేచి అక్కడితో ఆగిపోయింది. అల్లని వైర్లు పైన విరబోసుకున్న జుట్టులా నాలుగు వైపులా వేలాడుతున్నాయి. వంగపండు రంగూ, పసుపూ.

అప్పుడే అమ్మని అడుగుదామంటే ఆవిడ అరిసెల పాకం దగ్గరుంది. పాకం దగ్గరున్న మనిషిని ప్రశ్నలు అడక్కూడదు. మూట అలాగే సంచిలో పడేసుకుని హైదరాబాదు తెచ్చేశాను.

వైరు బుట్ట చూడని పిల్లలు కూడా ఇది చదవచ్చు కాబట్టి రెండు ముక్కలు చెప్తాను. ఫ్యాన్సీ షాపులో ప్లాస్టిక్ వైరు కట్టలుగా అమ్మేవాళ్ళు. సూది అక్కర్లేదు, కత్తెర చాలు. వైరుని సగానికి మడిచి, మెలికలో మెలిక దూర్చి గట్టిగా లాగితే గోరంత ముడి పడుతుంది. ముడి పక్కన ముడి, వరస పక్కన వరస వేసుకుంటూ పోతే అడుగు. అక్కణ్ణుంచి పైకి లేపితే గోడ. ఆఖర్న పిడులు, మిగిలిన కొసలు లోపలికి దోపడం. కూరల బజారుకీ, రైలు ప్రయాణానికీ, ఆసుపత్రికి క్యారియర్ పట్టుకెళ్ళడానికీ అదే బుట్ట. నా చిన్నప్పుడు మధ్యాహ్నం మూడింటికి మా వీధి అరుగుల మీద ఈ వైరు లాగే కిర్రు కిర్రు చప్పుడు వినపడేది. అల్లేవాళ్ళ చూపుడు వేలి పక్కన ఎర్రగా ఒక గీత ఉండేది. అమ్మ వేలికీ ఉండేది.

నేనూ చేతులు ఊరుకోని మనిషినే. వారానికి ఐదు రోజులు కంప్యూటరు ముందు కూర్చుని, ఆదివారం వచ్చేసరికి ఏదో ఒకటి కెలకాలి. ఐస్‌క్రీము పుల్లలతో పిచ్చుకకి గూడు కట్టాను. పిచ్చుక రాలేదు, పావురం వచ్చి దాని మీద కూర్చుని పడగొట్టింది. కొబ్బరి చిప్పని గరుకు కాగితంతో రెండు ఆదివారాలు రుద్ది గరిటె చేశాను, పిడి పులుసులో ఊడింది. దాదాపు ఏటా మట్టి వినాయకుణ్ణి చేస్తాను, చేసిన ప్రతిసారీ రెండో రోజుకి తొండం బీటలు వారుతుంది. ఇవి చూసిన ప్రతివాళ్ళదీ ఒకటే ప్రశ్న. "ఎందుకొచ్చిన తంటా? కొనుక్కుంటే పోలా?"

ఆ ప్రశ్నకి చాలా ఏళ్ళు అబద్ధాలే చెప్పాను. ఇంట్లో చేసుకుంటే చవక అన్నాను. ఆరోగ్యం అన్నాను. మన సంప్రదాయం అని కూడా అన్నాను, అలా అన్నప్పుడు గొంతు కాస్త గంభీరంగా పెట్టి.

చవక అన్న మాట పూతరేకుల దగ్గర తేలిపోయింది. మా వైపు నుంచి ఆత్రేయపురం వెళ్ళాలంటే వశిష్ఠ గోదావరి దాటాలి. చిన్నప్పుడు ఒకసారి అక్కడ ఒకావిడ రేకులు తీస్తుంటే గంటసేపు నిలబడి చూశాను. బియ్యం నానబెట్టి వెన్నలా రుబ్బి, నీళ్ళలా పల్చగా కలిపిన పిండి. బోర్లించిన కుండ, కింద ఎండుటాకుల మంట. పల్చటి గుడ్డ పిండిలో ముంచి రెండు చేతులా పట్టుకుని కుండ మీంచి ఒక్క ఊపున లాగుతుంది. గుడ్డ అవతలికి వెళ్ళేలోపే ఇక్కడ పొర ఎండి అంచు లేస్తుంది, వేళ్ళతో తీసి పక్కన పెడుతుంది. మాట్లాడుతూనే, పిల్లాణ్ణి కేకేస్తూనే, కుండ వైపు సరిగా చూడనైనా చూడకుండా. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందన్న వార్త చదవగానే నాకు ఆవిడ మణికట్టు గుర్తొచ్చింది. ఆ వారమే కుండ కొన్నాను.

మొదటి కుండ గ్యాసు మంటకి నడిమధ్యన 'టప్' మని చీలింది. ఆకుల మంట కుండంతా పరుచుకుంటుంది, గ్యాసు మంట ఒకచోటే పొడుస్తుంది, ఆ సంగతి నాకు అప్పుడు తట్టలేదు. రెండో కుండకి నూనె పట్టించి, సన్న సెగ మీద పెట్టాను. వేడి చాలకపోతే పిండి జారి కింద గడ్డకట్టింది. వేడి ఎక్కువైతే గుడ్డే కుండకి అంటుకుంది. ముప్పైసార్లు లాగితే కాగితంలా నిండుగా లేచినవి నాలుగు. ఆ నాలుగు చూసుకుని ఎంత గర్వపడ్డానంటే, తెల్లకాగితాల్లా ఎండిన వాటిని పట్టుకుని నేరుగా మడిచాను. రెండు పొడి అయిపోయాయి. మడిచే ముందు తడిగుడ్డ అద్ది మెత్తబరచాలని తర్వాత తెలిసింది. చివరికి నోట్లోకి వెళ్ళినవి రెండు. కుండలు, నెయ్యి, జీడిపప్పు, గ్యాసు లెక్కేస్తే ఆ ఖర్చుతో ఆత్రేయపురం నుంచి రెండు పెట్టెలు పార్సిలు తెప్పించుకోవచ్చు.

ఆరోగ్యం సంగతి ఇంకా తేలిక. జంతిక ఇంట్లో వేయించినా నూనెలోనే వేగుతుంది. కడుపులోకి వెళ్ళాక నేను ఇంటి జంతికని అని అదేం చెప్పుకోదు. పైగా కొన్నవైతే నాలుగు తిని మూత పెడతాం, మనం వత్తినవైతే డబ్బా ఖాళీ అయ్యేదాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాం. ఇక సంప్రదాయం అంటారా, మా బామ్మ జన్మలో పూతరేకు తియ్యలేదు. కొనుక్కుని తినేది, కొన్నదే బాగుంటుందనేది.

మరి ఎందుకు చేస్తున్నట్టు? సరదాకి. అంతే. ఈ మాట పైకి అనడానికి మాత్రం మన ఇళ్ళల్లో మహా సిగ్గు. డబ్బు మిగిలిందనో, పిల్లలు నేర్చుకుంటారనో ఒక సాకు తగిలిస్తే తప్ప పెద్దవాళ్ళు చేతులతో ఆడుకోకూడదు. 'పనీ పాటా లేదా' అని తిడతాం. అందులో పాట కూడా ఉండాలన్న ధ్యాస తిట్టేవాళ్ళకీ ఉండదు, తిట్టించుకునేవాళ్ళకీ ఉండదు.

ఇక్కడితో ఆపితే ఇది హాయిగా ఒక మగాడు రాసిన వంట వ్యాసం అయ్యేది. కానీ కుండ చీలిన ఆదివారం సాయంత్రం మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఒక మాటంది. "మీకది సరదా. నాకు గిన్నెలు."

కడగడం నేనే కడిగాను. కానీ ఆమె అన్నది ఆ గిన్నెల గురించి మాత్రమే కాదు. పొద్దున్నే ఏడింటికి మూడు బాక్సులు కట్టే వంటని ఎవరూ ఫోటో తీయరు. నేను ఒక్క ఆదివారం బిర్యానీకి దమ్ము పెడితే నాలుగు వాట్సాప్ గ్రూపులకి తెలుస్తుంది. ఆమె రోజూ చేసేది డ్యూటీ, నేను నెలకోసారి చేసేది కళ. ఇందులో ఒక్క అక్షరానికి కూడా నా దగ్గర జవాబు లేకపోయింది. బుధ, శుక్రవారాల పొద్దుటి వంట నేను తీసుకున్నాను. మహా త్యాగం చేసినట్టు చెప్పుకోవడం లేదు, తీసుకున్నాక ఏమైందో చెప్పడానికి చెప్తున్నాను. ఆదివారం ఆడుతూ పాడుతూ చేసే ఉప్మా బుధవారం చేస్తే ఒట్టి చాకిరీ. అదే బాణలి, అదే రవ్వ, అవే చేతులు. రవ్వ కాస్త మాడితే ఆదివారం నవ్వుకుంటాను, బుధవారం చెమటలు పడతాయి, ఏడూ నలభైకి వ్యాను హారన్ కొడుతుంది కాబట్టి.

తేడా చేసే వస్తువులో లేదు, చేసే చేతుల్లో లేదు. మధ్యలో వదిలేసి లేచిపోవచ్చా లేదా, అంతే. నేను లేచిపోతే ఎవరికీ ఆకలి వేయకూడదు, ఎవరూ మొహం మాడ్చుకోకూడదు, ఎవరికీ బాకీ పడకూడదు. అలా ఉన్నప్పుడే అది సరదా. లేకపోతే ఎంత అందంగా కనబడినా అది పని. పనిగా గౌరవించి, పనికివ్వాల్సింది ఇవ్వాలి.

ఇది ఒప్పుకున్నాక పాతరోజుల మీద నాకున్న మోజు కొంచెం చెదిరింది. వేసవి సెలవుల్లో మేడ మీద అమ్మ, అత్తయ్య, పక్కింటి పిన్నిగారు కలిసి వడియాలు పెట్టడం నా జ్ఞాపకాల్లో పెద్ద పండగ. ఆ మాటే ఒకసారి అమ్మతో అన్నాను, ఎంత సరదాగా ఉండేదో కదా అని. "నీకు సరదాయే, పచ్చిపిండి నాకడానికి వచ్చేవాడివి" అంది. ముందురోజు బూడిద గుమ్మడికాయ కొట్టి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి గుడ్డలో మూటకట్టి, నీరు దిగడానికి పైన పొత్రం పెట్టాలి. తెల్లారకుండానే లేచి మినప్పిండి గట్టిగా రుబ్బాలి, పచ్చిమిరపకాయ దంచాలి. ఎండ నెత్తికెక్కకముందే చీర పరిచి, వంగుని, వందల వడియాలు పెట్టాలి. కాకుల కాపలా మాకు అప్పగించేవాళ్ళు, మేం నిద్రపోయేవాళ్ళం. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే పిండి పులిసిపోవడమే కాదు, మా నాయనమ్మ రెండు రోజులు మాట్లాడేది కాదు. వానాకాలం కూర దొరకని రోజులకి అవే ఆధారం. ఈ వేళ ఓపిక లేదు, రేపు చూద్దాం అనే వీలు ఆ మేడ మీద ఎవరికీ లేదు. నవ్వులు వినపడేవి, నిజమే. కలిసి కష్టపడేవాళ్ళు నవ్వుకుంటారు. అంతమాత్రాన ఆ కష్టాన్ని సరదా అని పిలిచే చనువు, పిండి నాకిన నాకు లేదు.

సరదా అన్న మాటతో ఇంకో ప్రమాదం ఉంది, అది మా పక్క ఊరి కథే. నరసాపురం లేసు గురించి వినే ఉంటారు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ మిషనరీల వెంట వచ్చిన కుట్టు, క్రోషే సూదితో తెల్లదారం పువ్వులల్లడం. అది గోదావరి ఊళ్ళల్లో ఇంటింటికీ పాకి, టేబుల్ గుడ్డలై, దిండ్ల అంచులై విదేశాలకి వెళ్ళింది. మా చిన్నమ్మమ్మ జీవితమంతా అల్లింది. ఏజెంటు దారం ఇచ్చేవాడు, అల్లినదాన్ని కొలిచి కూలి ఇచ్చేవాడు. ఆవిడ గురించి ఇంట్లో ఎవరూ 'పని చేస్తుంది' అనలేదు. 'ఖాళీగా ఉండలేక ఏదో అల్లుకుంటుంది' అనేవారు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ అల్లికదారుల మధ్య తిరిగి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని పుస్తకం వేసింది. అందులో ఆవిడ పట్టుకున్న కీలకం సరిగ్గా ఇదే. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్న ఆడవాళ్ళని గృహిణులుగా, వాళ్ళ శ్రమని తీరిక వేళ కాలక్షేపంగా చూపించబట్టే కూలి అంత తక్కువలో ఉండిపోయింది. తీరిక అనే ఒక్క మాట ఎంతమంది లాభానికి పనికొచ్చిందో చూడండి. చిన్నమ్మమ్మకి ఆ పువ్వుల్లో ముచ్చట లేదని కాదు. పువ్వు మధ్యలో సూది దింపి లేచిపోయే హక్కు లేదు. చూపు మందగించాక కూడా ఏజెంటు వచ్చే రోజుకి లెక్క అప్పజెప్పేది.

అదే అరుగు మీద, అదే మూడు గంటల వేళ, ఆవిడ పక్కన కూర్చుని అమ్మ వైరు బుట్ట అల్లేది. బయటి మనిషికి ఇద్దరూ ఒకటే పని చేస్తున్నట్టు కనపడతారు.

అందుకే, నేనేదైనా చేసి చూపించగానే "భలే ఉందే, ఆర్డర్లు తీసుకోవచ్చుగా" అనేవాళ్ళంటే నాకు భయం. పొగడ్తగానే అంటారు. ఒక ఏడు ఆ పొగడ్తకి పడిపోయాను. మా అపార్ట్‌మెంటులో పదిహేను మంది మట్టి వినాయకులు అడిగారు, డబ్బు తీసుకున్నాను. మూడోదాకా హుషారే. ఎనిమిదోదానికి తొండం చుడుతుంటే ఆ స్వామి మీదే కోపం వచ్చింది. ఒకరికి చెవులు కాస్త పెద్దవి కావాలి, ఒకరికి ఎలక కుడివైపు ఉండాలి, ఒకరు చవితి ముందురోజు రాత్రి పదింటికి "మాది ఆరిందాండీ" అని మెసేజి. ఆరలేదు. హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టాను, ఆరింది, పగిలింది. ఆ తర్వాత రెండేళ్ళు మట్టి ముట్టుకోలేదు.

అమ్మడం తప్పని కాదు సుమా. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర చెక్కేవాళ్ళూ, ఏటికొప్పాకలో అంకుడు కర్ర మీద లక్క రంగు ఎక్కించేవాళ్ళూ సరదాకి చెయ్యడం లేదు. అది వాళ్ళ బతుకు, వాళ్ళ విద్య. కొండపల్లి బొమ్మలో అవయవాలు అతికించడానికి చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కు వాడతారు. దాన్ని ఇంట్లో కలిపి చూశాను, నా ఎద్దు కొమ్ము నిలవలేదు, వాళ్ళ అంబారీ ఏనుగు మా షోకేసులో పన్నెండేళ్ళుగా చెక్కుచెదరలేదు. ఆ ఏనుగు కొన్నప్పుడు యాభై రూపాయలు తగ్గించమని నేను గట్టిగా బేరమాడిన మాట నిజం. ఇప్పుడు తల్చుకుంటే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

స్కూళ్ళది ఇంకో చోద్యం. 'క్రాఫ్ట్ యాక్టివిటీ' అంటారు, రేపటికల్లా తేవాలంటారు, పది మార్కులంటారు. రాత్రి తొమ్మిదిన్నరకి థర్మాకోలు కోసం మూసేసిన షాపుల ముందు తిరిగే తండ్రుల గుంపులో నేనూ ఉన్నాను. మా పాప చేసింది తెస్తే ముద్దగా ఉందన్నారట, పక్కపిల్ల వాళ్ళమ్మ చేసిందానికి స్టారు పెట్టారట. ఆ చోద్యం మీద ఇంతకంటే సిరా ఖర్చుపెట్టను.

సరే, వదిలేసే హక్కు అంటున్నావు, మరి వదిలేసినదాని మీద ప్రేమ ఉంటుందా అని ఒక మిత్రుడు అడిగాడు. మంచి ప్రశ్నే. విడిభాగాలు కొనుక్కెళ్ళి ఇంట్లో మనమే బిగించుకునే ఫర్నిచర్ షాపు ఐకియా, మన దేశంలో మొదటిది 2018లో మా హైదరాబాదులోనే తెరిచారు. దాని పేరు మీద మనస్తత్వ శాస్త్రంలో ఒక మాట కూడా ఉంది, ఐకియా ఎఫెక్ట్ అని. నార్టన్, మోచాన్, ఆరియలీ అనే ముగ్గురు 2012లో ప్రచురించిన పరిశోధన అది. జనం చేత పెట్టెలు బిగింపించారు, కాగితపు కొంగలు మడిపించారు. వంకరటింకర కొంగలకి కూడా చేసినవాళ్ళు నిపుణుల కొంగలకిచ్చినంత విలువ కట్టారు. కాకి పిల్ల కాకికి ముద్దు అని మనం ఎప్పుడో అనుకున్నదే. అయితే వాళ్ళు ఇంకోటి కూడా తేల్చారు. పని పూర్తి కాకపోతే ఆ ముచ్చట ఉండదట.

మరి ఈ దిండు గలీబు మాటేమిటి? ముప్పై ఏళ్ళ పైచిలుకు ఒక సగం బుట్టని పారేయకుండా మూటకట్టి దాచారే? ఆలోచిస్తే నాకు తోచింది ఇది. ఆ ప్రయోగంలో పని పూర్తి కాకముందే వాళ్ళని ఆపించారు. ఆపించడం వేరు, ఆపడం వేరు. వానకి వడియాలు ఆగిపోతే ఏడుపొస్తుంది. మనంతట మనం కత్తెర పక్కన పెట్టి లేస్తే అలాంటిదేం ఉండదు.

ఈ సిద్ధాంతం బాగా కుదిరిందని మురిసిపోయి, దానికో మంచి కథ కూడా అల్లుకున్నాను. బహుశా నేను కడుపులో ఉన్నప్పుడు మొదలుపెట్టి ఉంటుంది. నేను పుట్టాక తీరిక దొరక్క వదిలేసి ఉంటుంది. పారేయడానికి మనసొప్పక దాచి ఉంటుంది. గొంతులో కొంచెం తడి కూడా పెట్టుకుని మొన్న ఆదివారం ఫోన్ చేశాను.

"అమ్మా, అటక మీద సగం వైరు బుట్ట దొరికింది. వంగపండు రంగు, పసుపు. ఎందుకాపేశావు?"

"ఏదీ, ఆ దిండు గలీబులోదా? ఆ రంగు నచ్చలేదురా. షాపులో బానే ఉంది, అల్లుతుంటే జాతరలో రంకులరాట్నంలా తయారైంది. లేచి పడుకున్నాను."

"మరి దాచావెందుకు?"

"దాచడమేంటి! మీ నాన్న అటక మీద పడేసుంటారు. వైరు మంచిదే, విప్పుకో. ఇప్పుడంత గట్టి వైరు రావట్లేదు." తర్వాత పక్కకి తిరిగి ఎవరితోనో పాల ప్యాకెట్ల గురించి మాట్లాడి, మళ్ళీ నాతో, "విప్పేప్పుడు అడుగు నుంచి కాదు, పై వరస నుంచి విప్పు" అంది.

పై వరస నుంచి విప్పాను. ఇన్నేళ్ళు బిగిసి ఉన్న ముడి గోటికి లొంగలేదు, ఫోర్కు పెట్టి లేపాల్సొచ్చింది. ఏడు ముడులు విప్పేసరికి చూపుడు వేలి పక్కన ఎర్రగా గీత పడింది. వచ్చిన వైరుని ఎంత సాగదీసినా మెలికలు పోలేదు, స్ప్రింగులా ముడుచుకుపోతోంది. మా పాప ఒక ముక్క కత్తిరించుకుని పెన్సిలుకి చుట్టుకుంది. బాగుందట, రెండు రంగులూ.